రక్తపారుడు నుంచి మా కోడిపిల్లలను కాపాడుకున్న తీరు

కార్తీక మాసపు వానలకు చంద్రగిరి దగ్గరి మా షెడ్డులో ఊక పిడికిట పడితే ముద్దకట్టేంతగా తడిసింది. నాలుగు రోజులు తిరగకముందే, 25 రోజుల వయసున్న పిల్లలు రెక్కలు వాల్చి మూలకు చేరాయి. రెట్టలో నెత్తురు కనిపించింది. చనిపోయిన పిల్లను కోసిన పశువైద్యులు, నెత్తురుతో ఉబ్బిన గుడ్డిపేగులను చూపి, ఇది ఐమీరియా అనే ఏకకణ పరాన్నజీవి తెచ్చే కాక్సిడియోసిస్, అంటే రక్తపారుడు అని చెప్పారు. వారు రాసిన ఆంప్రోలియంను 5 రోజులు తాగునీటిలో ఇచ్చాను. ఆ మందు బి1 విటమిన్‌ను పోలి ఉండి, పరాన్నజీవికి ఆ విటమిన్ అందకుండా అడ్డుపడుతుంది కనుక, నీరసం చూసి నేను పోస్తున్న, బి1 కూడా ఉండే బి-కాంప్లెక్స్ టానిక్‌ను ఆపించారు. ఈ జాగ్రత్త ప్రతి రైతుకూ తెలియాలి. రెట్టతో బయటపడే పరాన్నజీవి గుడ్లు తడిలో ఒకటి రెండు రోజుల్లోనే రోగం అంటించే దశకు చేరతాయి కాబట్టి, కారుతున్న నిపుల్ (పిల్లలు నీళ్లు తాగే గొట్టపు మొన) మార్చి, తడి ఊకను ఎత్తివేసి, పొడి ఊక పరిచి రోజూ తిరగేశాను. ఆరో రోజుకు రెట్ట గట్టిపడింది.