పాచోలీ చెప్పిన పద్ధతిలో కొట్టు లెక్కలు రాయడం ఎలా

యాప్ వేసుకున్నా నెలాఖరుకి కొట్టు లెక్క తేలడం లేదంటే, ముందు కాగితం మీద జంట పద్దు, అంటే ప్రతి లావాదేవీనీ రెండు ఖాతాల్లో రాయడం, నేర్చుకోండి. దీన్ని మొదట అచ్చులో వివరించింది లూకా పాచోలీ. ఇటలీకి చెందిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి, లియొనార్డో డా విన్సీకి లెక్కలు నేర్పిన మాస్టారు. 1494లో వెనిస్‌లో అచ్చయిన ఆయన గణిత గ్రంథంలో ఒక భాగం మొత్తం ఖాతాల గురించే. పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు, వెనిస్ వర్తకులు అప్పటికే వాడుతున్నదే, కానీ దాన్ని లాటిన్‌లో కాకుండా మామూలు వర్తకుడికి అర్థమయ్యే భాషలో రాశాడు. నా దృష్టిలో కనిపెట్టడం కంటే అదే పెద్ద పని.

ముందు ఒక రోజు కూర్చుని, మీకున్నవీ మీరు ఇవ్వాల్సినవీ అన్నీ రాయండి. నగదుతో మొదలుపెట్టి, తర్వాత విలువైనవి, తేలిగ్గా చేజారేవి రాయమన్నాడాయన.

తర్వాత మూడు పుస్తకాలు. మొదటిది చిట్టా: ఏది జరిగితే అది అప్పటికప్పుడు, ఇంట్లో ఎవరైనా రాయొచ్చు. రెండోది జర్నల్: చిట్టాలోది చూసి ఏ ఖాతాకి డెబిట్ (పుచ్చుకున్నది), ఏ ఖాతాకి క్రెడిట్ (ఇచ్చినది) అని తేల్చి రాసేది. మూడోది ఆవర్జా: ఒక్కో ఖాతాకి ఒక్కో పేజీ, ఎడమ డెబిట్, కుడి క్రెడిట్.

మిల్లు నుంచి 14,000 రూపాయల బియ్యం అరువుకి తెచ్చారనుకోండి. కొనుగోళ్ల ఖాతాకి డెబిట్ 14,000, మిల్లు ఖాతాకి క్రెడిట్ 14,000. వారం తర్వాత 5,000 కట్టారు: మిల్లుకి డెబిట్, నగదుకి క్రెడిట్. మిల్లు పేజీ తిప్పితే చాలు, ఇంకా 9,000 బాకీ అని కనిపిస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు. డెబిట్ ఆవర్జాలోకి ఎక్కగానే జర్నల్ పద్దు మీద ఒక గీత, క్రెడిట్ ఎక్కాక రెండో గీత కొట్టమన్నాడు పాచోలీ. ఇది మాత్రం వదలకండి.

నెలాఖరున అంకణా వేయండి, అంటే అన్ని ఖాతాల నిల్వలూ తీసి రెండు వైపులా కూడటం. సరిపోకపోతే టెన్షన్ పడకుండా ముందు రెండు గీతలు లేని పద్దులు చూడండి. అక్కడా దొరక్కపోతే తేడాని సగం చేసి ఆ మొత్తం వెతకండి, ఒక పద్దు తప్పు వైపు పడి ఉండొచ్చు. తేడా 9తో భాగిస్తే పోతుందా, 540ని 450గా రాసినట్టు అంకెలు తారుమారై ఉండొచ్చు. అయితే అసలు చిట్టాకే ఎక్కని అరువుని అంకణా పట్టుకోలేదు, కాబట్టి కొట్లో ఎవరు కూర్చున్నా చిట్టా, పెన్ను వాళ్ల చేతికందేలా పెట్టండి.