పై కీబోర్డు నొక్కితే కింది కీబోర్డు పలకట్లేదా?

ఆర్కెస్ట్రా స్టేజీ మీద కింద పెద్ద కీబోర్డు, స్టాండు పై వరసలో చిన్న మిడి (కీబోర్డులు ఒకదానికొకటి సమాచారం పంపుకునే పద్ధతి) కీబోర్డు ఉండటం మామూలే. ఎడమచేత్తో పియానో పట్టుకుని కుడిచేత్తో పైన ఫ్లూటు బిట్టు వాయించొచ్చు. సౌండ్లు మాత్రం అన్నీ కిందిదాంట్లోవే. పైనుంచి వచ్చే వైరులో శబ్దం ఉండదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత గట్టిగా, ఏ ఛానల్ (సమాచారం వెళ్లే దారి నంబరు) మీద అన్న సమాచారమే వస్తుంది. సమస్య ఏదైనా ఇక్కణ్నుంచే వెతకాలి.

అసలు పలకట్లేదు

ముందు వైరు చూడండి. పైదాని మిడి అవుట్ నుంచి కిందిదాని మిడి ఇన్‌కి వెళ్లాలి. రెండు అవుట్‌లు కలిపితే ఏమీ రాదు. యూఎస్‌బీ వైరుతో రెండింటినీ నేరుగా కలపడం ఎక్కువమంది చేసే పొరపాటు. వెనకున్న ఆ చతురస్రం పోర్టు కంప్యూటర్ కోసం పెట్టింది. రెండు వైపులా అదే ఉంటే ఒకదాని మాట ఇంకోదానికి చేరదు. ఐదు పిన్నుల మిడి కేబుల్ వాడండి, లేదా మధ్యలో యూఎస్‌బీ మిడి హోస్ట్ బాక్సు (కంప్యూటర్ బదులు రెండింటినీ కలిపేది) పెట్టండి. చిన్న కీబోర్డుకు సన్న జాక్ మిడి అవుట్ ఉంటే అడాప్టర్ టైప్ ఏ కావాలో, టైప్ బీ కావాలో చూసి కొనండి. తప్పు రకం పెడితే పలకదు.

పలుకుతోంది, కానీ ఫ్లూటుకు బదులు పియానో వస్తోంది

నా అనుభవంలో సగం గొడవలు ఇక్కడే. ఒక రిసెప్షన్‌లో పాట మొదలవబోతుంటే ఇదే జరిగింది. వైరు మీద అనుమానంతో రెండు కేబుళ్లు మార్చాను. తీరా చూస్తే రెండు కీబోర్డులూ ఛానల్ 1 మీదే ఉన్నాయి. అందుకే పైన నొక్కినా పియానోనే పలికింది.

మిడిలో 16 ఛానళ్లుంటాయి. పై కీబోర్డును 3కి మార్చి, ఫ్లూటు ఉన్న పార్టు (కింది కీబోర్డులో ఒక్కో సౌండుకుండే విభాగం) కూడా 3 మీదే వినేలా పెట్టాలి. కోర్గ్ క్రోనోస్ అయితే ఒకే సౌండు వాయించే ప్రోగ్రామ్ మోడ్‌లో కాకుండా, చాలా సౌండ్లు కలిపే కాంబి మోడ్‌లో చేయండి. అక్కడ 16 టింబర్లు (పార్టులు) ఉంటాయి, దేని ఛానల్ దానిదే. సొంత మెట్లతో వాయించే టింబర్‌ను గ్లోబల్ ఛానల్‌లో (క్రోనోస్ సొంత ఛానల్‌లో) ఉంచి, ఫ్లూటు టింబర్‌కు 3 ఇవ్వండి. అప్పుడు కింది మెట్లు నొక్కితే ఫ్లూటు పలకదు, పైవాటికే పలుకుతుంది. నార్డ్ స్టేజ్ 3లో ఇదే పనికి డ్యూయల్ కీబోర్డ్ మోడ్ ఉంది. పై కీబోర్డు ప్యానెల్ బీని (నార్డ్‌లోని రెండో సౌండ్ల సెట్టును) వాయిస్తుంది. సెట్టింగు కుదిరాక సేవ్ చేయడం మరవద్దు.

ఒక్కో స్వరం రెండుసార్లు మోగి, సౌండు పలచబడింది

మధ్యలో ల్యాప్‌టాప్ ఉంటే కింది కీబోర్డు పంపిన స్వరాన్నే అది మళ్లీ వెనక్కి పంపుతోందన్నమాట. లోకల్ కంట్రోల్ (కీబోర్డు మెట్లకూ దాని సౌండ్లకూ ఉన్న నేరు లింకు) ఆఫ్ చేయండి, లేదా సాఫ్ట్‌వేర్‌లో త్రూ (వచ్చినదాన్ని తిరిగి పంపడం) ఆపండి. ల్యాప్‌టాప్ తీసేశాక లోకల్ మళ్లీ ఆన్ చేయకపోతే కింది మెట్లు మూగబోతాయి.

మూడో కీబోర్డు కూడా కలపాలి

వై కేబుల్‌తో రెండు అవుట్‌లు ఒకే ఇన్‌లో కలవవు. మిడి మెర్జ్ బాక్సు (రెండు మిడి లైన్లను ఒకటిగా కలిపేది) కావాలి. త్రూ పోర్టు కూడా ఇందుకు పనికిరాదు. అది తన ఇన్‌లోకి వచ్చినదాన్నే ముందుకు పంపుతుంది, తన మెట్ల సమాచారం పంపదు.

స్వరం ఆగకుండా మోగుతోంది

మెట్టు నొక్కి ఉండగా వైరు ఊడినా, ఛానల్ మార్చినా 'ఆపు' అన్న కబురు చేరదు. ప్యానిక్ బటన్ (మోగుతున్న స్వరాలన్నీ ఆపేసేది) నొక్కండి. అది లేకపోతే కింది కీబోర్డులో వేరే సౌండుకు వెళ్లి తిరిగి రండి, ఎక్కువసార్లు ఆగిపోతుంది.

పెడల్ తొక్కకపోయినా సాగుతుంటే పెడల్ పోలారిటీ తిరగబడి ఉంటుంది, అంటే వదిలితేనే తొక్కినట్టు కీబోర్డు అనుకుంటుంది. చాలా కీబోర్డులు ఆన్ అయ్యేటప్పుడే పెడల్‌ను గుర్తిస్తాయి. కాలు తీసి, ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేయండి.

పైన బటన్ నొక్కితే కింద సెటప్ అంతా మారిపోయింది

అది ప్రోగ్రామ్ ఛేంజ్ (సౌండు మార్చమని చెప్పే) సందేశం. కింది కీబోర్డు మిడి మెనూలో దాన్ని అందుకోవడం ఆపేయండి. స్వరాలు, పెడల్ మామూలుగానే వస్తాయి.