సినిమాకీ పాటలకీ ఒకే ప్రాసెసర్ కొనేటప్పుడు ఏం చూడాలి

హోమ్ థియేటర్ ప్రాసెసర్ అంటే సౌండ్‌ని డీకోడ్ చేసి యాంప్‌లకి పంపే పెట్టె. ఎన్ని ఛానెల్స్, అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ సరౌండ్) ఉందా లేదా అని బ్రోచర్ చూసి కొనేస్తారు చాలామంది, కానీ పాటలు కూడా సీరియస్‌గా వినేవాళ్ళయితే ముందు చూడాల్సింది అనలాగ్ ఇన్‌పుట్ సంగతి. టర్న్‌టేబుల్, బయటి డాక్ (డిజిటల్‌ని అనలాగ్‌గా మార్చే పెట్టె) లాంటివి పెట్టినా మామూలుగా ప్రాసెసర్ ఆ సిగ్నల్‌ని మళ్ళీ డిజిటల్‌గా మార్చేసి, ప్రాసెస్ చేసి, తర్వాత అనలాగ్ చేస్తుంది, అలాంటప్పుడు మంచి డాక్‌కి పెట్టిన డబ్బులు సగం దండగే. అందుకే డెనాన్, మరాంట్జ్, యమహాల్లో ఉండే ప్యూర్ డైరెక్ట్ లాంటి, అనలాగ్ సిగ్నల్‌ని మార్చకుండా నేరుగా పంపే మోడ్ ఉందో లేదో అడగండి. అయితే ఆ మోడ్‌లో మామూలుగా రూమ్ కరెక్షన్ (గదికి తగ్గట్టు సౌండ్‌ని సరిచేసేది), సబ్‌వూఫర్ రెండూ ఆగిపోతాయి, చిన్న స్పీకర్లుంటే బేస్ పోయిందేంటా అనిపిస్తుంది, అది రిపేర్ కాదు.

రూమ్ కరెక్షన్ మొత్తం ఆపేయక్కర్లేదు. గది గొడవంతా ఎక్కువగా కింద బేస్‌లోనే, సుమారు 300 హెర్ట్జ్ లోపల. డిరాక్ లైవ్, ఆడిసీ అనేవి రూమ్ కరెక్షన్ సాఫ్ట్‌వేర్లు, డిరాక్ లైవ్‌లో, ఆడిసీ ఎడిటర్ యాప్‌లో కరెక్షన్‌ని అక్కడికే ఆపొచ్చు. ఆడిసీలో మిడ్‌రేంజ్ కాంపెన్సేషన్ అని ఒకటుంటుంది, 2 కిలోహెర్ట్జ్ దగ్గర కావాలనే కొంచెం తగ్గిస్తుంది, ఆపి చూడండి, గొంతు ముందుకొస్తుంది.

నన్నడిగితే బడ్జెట్ తక్కువుంటే ఖరీదైన ప్రాసెసర్ జోలికే వెళ్ళొద్దు. ప్రీ అవుట్ (బయటి యాంప్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్) ఉన్న మామూలు ఏవీ రిసీవర్ (ప్రాసెసర్, యాంప్ ఒకే పెట్టెలో ఉండేది), దానికి హోమ్ థియేటర్ బైపాస్ (రిసీవర్ సిగ్నల్‌ని తన వాల్యూమ్ కంట్రోల్ లేకుండా నేరుగా తీసుకునే ఇన్‌పుట్) ఉన్న స్టీరియో యాంప్ కలిపితే చాలు, పాటలప్పుడు రిసీవర్ ఆన్ చేసే పనే లేదు. షాపులో పోల్చేటప్పుడు మాత్రం రెండిటి వాల్యూమ్ సమానంగా పెట్టమనండి, కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపిస్తుంది మరి.