బెజవాడ ఎండలో మాజ్డా 787బి కిట్‌కి రంగెయ్యడం ఎలా

మాజ్డా 787బి రేసు కారు బొమ్మని ప్లాస్టిక్ ముక్కలు అతికించి చేసుకునే కిట్ కొన్నవాళ్ళకి అతికించడం దగ్గర పెద్ద ఇబ్బందేం రాదండి, 1/24 స్కేల్‌లో కారు మొత్తం ఓ 20 సెంటీమీటర్లు ఉంటుంది, ఓపికుంటే రెండు మూడు ఆదివారాల్లో అయిపోద్ది. తలనొప్పంతా రంగుతోనే. 1991లో ఫ్రాన్స్‌లో లె మాన్ 24 గంటల రేసు గెలిచిన 55 నంబర్ కారు ఇది, నారింజా ఆకుపచ్చా గళ్ళు, మధ్యలో తెల్ల గీతలు. డబ్బా మీద బొమ్మ చూసి మా అమ్మ ఇదేదో మంగళగిరి చీరలా ఉందిరా అంది.

ముందు బాడీని గిన్నెలు తోమే సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టండి, లేకపోతే జిడ్డు మీద రంగు నిలవదు. వాటర్ పేపర్, మాస్కింగ్ టేపు లాంటివి ఆటోనగర్‌లో దొరుకుతాయి, కానీ అక్కడ కార్లకి వాడే ఎన్‌సీ థిన్నర్ మాత్రం ప్లాస్టిక్‌కి తగలనివ్వకండి. నేను ఒకసారి మరక తుడుద్దామని గుడ్డకి అద్ది రుద్దితే డోరు కాస్తా నెయ్యిలా కరిగింది.

ఇక అసలు సంగతి, వాతావరణం. మే నెల మధ్యాహ్నం స్ప్రే కొడితే రంగు చుక్కలు బాడీని చేరేలోపే గాల్లో ఆరిపోతాయి, చేత్తో తడిమితే గరుగ్గా తగుల్తది. వానాకాలంలో ఇంకో గొడవ, లాకర్ రంగు (థిన్నర్ కలిపిన, త్వరగా ఆరే రకం) ఆరేటప్పుడు గాల్లో తేమ పట్టేసి పైన పాలు పోసినట్టు తెల్లబడుద్ది. అందుకే ఎండాకాలంలో పొద్దున్నే, వానల్లో అయితే మబ్బు లేని రోజు చూసుకుని ఎండెక్కాక కొట్టండి. డిసెంబరు, జనవరిలో అయితే హాయి. స్ప్రే డబ్బాని డాబా మీద ఎండలో వదలొద్దు, పేలుద్ది. ఫ్యాన్ ఆపండి, కొట్టగానే పైన ఓ ప్లాస్టిక్ బుట్ట బోర్లించండి, దుమ్ము పడదు.

వరస ఇదీ: గ్రే ప్రైమర్ (రంగు పట్టడానికి ముందేసే పూత), తర్వాత తెలుపు, తర్వాత నారింజ, చివర ఆకుపచ్చ. నారింజని సరాసరి గ్రే మీద కొడితే ఎన్ని కోట్లు వేసినా మురికిగానే కనిపిస్తది, కింద తెలుపు ఉండాల్సిందే. నారింజ బాగా ఆరాక టేపు వేసి, టేపు అంచు మీద ముందు మళ్ళీ నారింజే పల్చగా ఒక కోటు కొట్టండి, అంచులో సందులుంటే అవి నారింజతోనే మూసుకుపోతాయి, ఆ తర్వాత ఆకుపచ్చ కొట్టినా కిందకి పాకదు. కిట్‌ని బట్టి తెల్ల గీతలు డెకాల్స్‌లో (నీళ్ళలో నానబెట్టి అంటించే పల్చటి బొమ్మల స్టిక్కర్లు) ఇవ్వచ్చు, అందుకే టేపు ముట్టుకునే ముందే డెకాల్ షీటు చూసుకోండి.

పాత స్టాకు కిట్ అయితే డెకాల్స్ పసుపెక్కి ఉంటాయి. షీటుని జిప్ కవర్లో పెట్టి కిటికీ అద్దానికి లోపల అంటించండి, రోజుల్లో తెల్లబడతాయి, మన ఊళ్ళో ఎండకి కొదవా! అక్కర్లేని డెకాల్ ఒకటి ముందు నీళ్ళలో వేసి చూడండి, ముక్కలైతే షీటు మొత్తానికి పల్చగా క్లియర్ (రంగులేని వార్నిష్) కొట్టి ఆరాక వాడుకోవచ్చు. డెకాల్స్ అంటించి ఆరాక పైన క్లియర్ కొట్టేటప్పుడు కూడా మొదటి రెండు కోట్లు దూరం నుంచి చిలకరించినట్టే ఉండాలి, తడిగా పోస్తే డెకాల్ ముడతలు పడుద్ది.

లోపల సీటు, డాష్‌బోర్డు మ్యాట్ నలుపు కొట్టేస్తే చాలు. స్టీరింగ్ మన కార్లలాగే కుడి వైపు ఉంటది. ఆ 1991 రేసులో చివరి గంటలు అక్కడ కూర్చుని నడిపిన జానీ హెర్బర్ట్ నీరసించి పోడియం కూడా ఎక్కలేకపోయాడు, వెనకేమో పిస్టన్లకి బదులు గిర్రున తిరిగే రోటర్లు నాలుగున్న ఇంజను, 700 హార్స్ పవర్ దాకా.

క్లియర్ కొట్టాక వారం ఆగి పాలిష్ పట్టండి. సైడు అద్దాలు, వెనక వింగు అన్నిటికన్నా ఆఖర్న పెట్టండి, ముందే పెడితే పాలిష్ గుడ్డకి తగులుకుని ఊడిపోతాయి, నా కారు అద్దం ఒకటి ఇప్పటికీ మంచం కింద ఎక్కడో ఉంది.