కంటికి ఫోకస్ పెడితే ముక్కుకి పడేది

బెంగళూరులో ఒక షాపులో రీకండిషన్డ్ నికాన్ డి7200 కెమెరా బాడీ (లెన్స్ లేకుండా) కొన్నాను. అక్కడే ఒక ఫోటో తీసి ఎగ్జిఫ్ (ఫోటో ఫైల్లోనే చేరే వివరాలు) చూస్తే షట్టర్ అప్పటికి 41 వేల సార్లు పడింది. ఈ షట్టర్‌ని లక్షన్నర సార్లకు పరీక్షిస్తారు కాబట్టి సరేననుకున్నా.

ఆదివారం నా పాత 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ తగిలించి మా అక్క కూతుర్ని తీస్తే, కంటికి ఫోకస్ పెట్టినా ముక్కు కొనే స్పష్టంగా వచ్చింది. పది ఫోటోలూ అంతే! వాపసు గడువు ఒక్క రోజే మిగిలింది. ఒకటే టెన్షన్.

లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్ మీద చూస్తూ తీస్తే మాత్రం బాగానే వచ్చింది. గుట్టు అక్కడే తెలిసింది. లైవ్ వ్యూ సెన్సర్ మీద పడిన బొమ్మనే చూసి ఫోకస్ చేస్తుంది. వ్యూఫైండర్‌లో చూసేటప్పుడు ఆ పని కెమెరా లోపల అడుగునున్న వేరే ఏఎఫ్ (ఆటోఫోకస్) మాడ్యూల్‌ది. కెమెరా, లెన్స్ రెండూ మంచివే, జతే కాస్త కుదరలేదు.

టేబుల్ మీద స్కేలు ఏటవాలుగా ఆనించి, పక్కన అగ్గిపెట్టె నిలబెట్టి, ట్రైపాడ్ మీంచి అగ్గిపెట్టెకి ఫోకస్ పెట్టి ఎఫ్/1.8లోనే తీశాను. స్కేలు మీద ఏ గీత స్పష్టంగా వస్తే ఫోకస్ అక్కడ పడినట్టు. సెటప్ మెనూలో ఈ తేడాని సరిదిద్దే ఏఎఫ్ ఫైన్ ట్యూన్ ఉంటుంది, మైనస్ 20 నుంచి ప్లస్ 20 దాకా. ఫోకస్ ముందుకు పడుతుంటే ప్లస్ వైపు జరపాలి. (నేను ముందు మైనస్ పెట్టి ఇంకా చెడగొట్టాను లెండి.) ప్లస్ 9 దగ్గర కుదిరింది. డి5300 లాంటి చిన్న మోడళ్లలో ఈ మెనూ ఉండదు, కొనేముందు చూసుకోండి.