పెళ్లి సర్టిఫికెట్ లేని జంట ముందే రాసి పెట్టుకోవాల్సిన కాగితాలు

అర్ధరాత్రి రెండు గంటలప్పుడు ఆసుపత్రి కౌంటర్‌లో నా చేతికి ఒక ఫారం ఇచ్చారు. పెన్ను దారంతో బల్లకి కట్టేసి ఉంది. "పేషెంటుతో సంబంధం" అన్న గడి దగ్గరకొచ్చి నా చెయ్యి ఆగిపోయింది. లోపల అపెండిక్స్ పగిలి మెలికలు తిరుగుతున్న మనిషీ నేనూ తొమ్మిదేళ్లుగా ఒకే ఇంట్లో బతుకుతున్నాం. నేనూ ఆడదాన్నే, తనూ ఆడదే. "ఫ్రెండ్" అని రాశాను. కౌంటర్‌లో ఆయన చదివి, "రక్తసంబంధీకులు ఉంటే పిలవండమ్మా" అన్నాడు. నాలుగేళ్లుగా మాటల్లేని వాళ్ల అన్నయ్య వరంగల్ నుంచి కారులో వచ్చి సంతకం పెట్టేసరికి ఐదున్నర అయింది. ఆపరేషన్ ఆ తర్వాతే.

తను కోలుకుంది. ఆ నెలలోనే కాగితాల పని మొదలుపెట్టాం. మీరూ అలాంటి రాత్రి వచ్చేదాకా ఆగకండి.

"మన పెళ్లికి చట్టం వచ్చాక చూద్దాంలే" అని మాలాంటి జంటలు చాలామంది అంటారు. హైదరాబాద్‌లో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే స్వలింగ జంట, వాళ్లతోపాటు మరెందరో తమ పెళ్లిని చట్టం గుర్తించాలని వేసిన కేసుల్లో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదనీ, స్వలింగ జంటల పెళ్లికి చట్టం చెయ్యాల్సింది పార్లమెంటేననీ చెప్పింది. ఆ తీర్పును మళ్లీ పరిశీలించమని వేసిన రివ్యూ పిటిషన్లను కూడా 2025 జనవరిలో కొట్టేసింది. ఒక్క మినహాయింపు ఉంది: ఇద్దరిలో ఒకరు ట్రాన్స్‌జెండర్ అయి, స్త్రీ పురుషులుగా పెళ్లి చేసుకునే జంటకు ఇప్పుడున్న చట్టాల కిందే ఆ హక్కు ఉందని అదే తీర్పు ఒప్పుకుంది. వాళ్లు నేరుగా రిజిస్ట్రేషన్‌కే వెళ్లాలి. మిగతావాళ్లం కాగితం కాగితం చొప్పున కట్టుకోవాల్సిందే.

ముందు ఆసుపత్రి సంగతి. ఒకరికొకరం జీపీఏ, అంటే మన తరఫున పనులు చేసే అధికారమిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, రాసుకుంటే చాలనుకున్నాం. మా వకీలు చెప్పింది విన్నాక గుండె జారిపోయింది. రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ జీపీఏ చెల్లదట, అంటే ఎక్కువ అవసరమైన వేళకే అది చేతికి రాదు. అందుకే రెండు కాగితాలు చేయించాం. మొదటిది, "నా వైద్యం గురించి డాక్టర్లు ఈమెతోనే మాట్లాడాలి" అని నోటరీ చేయించిన ఉత్తరం. ఆసుపత్రి దానికి కట్టుబడి తీరాలని చట్టం లేదు గానీ, ఉత్త చేతులతో నిలబడిన మనిషితో మాట్లాడే తీరు వేరు, కాగితం చూపించే మనిషితో మాట్లాడే తీరు వేరు. రెండోది అడ్వాన్స్ మెడికల్ డైరెక్టివ్. కోలుకునే ఆశ లేని స్థితిలో వైద్యం కొనసాగించాలా వద్దా, మన తరఫున ఎవరు చెప్పాలి అన్నది అందులో రాస్తాం. సుప్రీంకోర్టు 2018లో దీన్ని ఒప్పుకుని, 2023 జనవరిలో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ సంతకం చాలు. ఈ కాగితాల ఫొటోలు ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి.

బ్యాంకు పని తేలిక. స్వలింగ జంటలు జాయింట్ అకౌంట్ తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డేమీ లేదని ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. "ఐదర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలో తెరవండి, అంటే ఇద్దరిలో ఎవరైనా అకౌంట్ నడపొచ్చు, ఒకరు పోతే మిగిలినవాళ్లు డబ్బు తీసుకోవచ్చు.

కానీ నామినీ పేరు పెట్టేశాం కదా అని నిశ్చింతగా ఉండిపోకండి. నామినీ డబ్బు అందుకునే మనిషే, దానికి వారసుడు కాదు. రేపు అన్నదమ్ములు కోర్టుకెళ్తే ఆ డబ్బు వాళ్లకి వెళ్లొచ్చు. దాన్ని ఆపేది వీలునామా ఒక్కటే. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. సాక్షులు మాత్రం ఇద్దరుండాలి, వాళ్లకి అందులో వాటా లేకుండా చూసుకోండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించండి, తర్వాత ఫోర్జరీ అనే నోళ్లు మూతపడతాయి. ముస్లింలైతే వారసుల ఒప్పుదల లేకుండా ఆస్తిలో మూడో వంతుకి మించి వీలునామాలో రాయలేరు, కాబట్టి ముందే వకీలుతో మాట్లాడుకోండి.

అన్నిటికన్నా కష్టమైన పని ఇంట్లోవాళ్లకి చెప్పడం. మా అమ్మ రోజూ విష్ణు సహస్రనామం చదివే మనిషి. "పెళ్లంటే అగ్నిసాక్షిగా జరిగే సంస్కారమే, దాన్ని మీ ఇష్టమొచ్చినట్టు మారుస్తారా?" అంది. శాస్త్రం మీద వాదనకి దిగితే ఆ సంభాషణ అక్కడే ముగిసిపోతుంది, దిగకండి. అమ్మ మాటలో అబద్ధం లేదు, తన నమ్మకంలో పెళ్లి అదే. నేను ఇలా అన్నాను: "నీ నమ్మకం మార్చుకోమనడం లేదమ్మా. ఏ పూజారినీ నాకు పెళ్లి చెయ్యమని అడగను. 1954లో చేసిన స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద ఈ దేశంలో పురోహితుడూ పాస్టరూ ఖాజీ లేకుండా, రిజిస్ట్రారు ముందు సంతకాలతో పెళ్లిళ్లు అవుతున్నాయి. నాకు కావాల్సింది ఆ రిజిస్టరులో ఒక్క వరసే." కోర్టు కూడా వాదనల మొదట్లోనే మతాల పర్సనల్ చట్టాల జోలికి పోమని చెప్పిందన్నాను. అమ్మ ఏమీ మాట్లాడలేదు. అప్పుడు అడిగాను: "రేపు నేను ఐసీయూలో పడితే, నువ్వు వచ్చేదాకా నా పక్కన ఎవరుండాలి?"

జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. ఒక ఆదివారం తనే ఫోన్ చేసి, "ఆ కాగితాలకి సాక్షి కావాలన్నావు కదా, ఎవరు దొరికారు?" అని అడిగింది.

చట్టప్రకారం నా వారసురాలు మా అమ్మే. ఆవిడే సాక్షి సంతకం పెడితే ఆ వీలునామాకి ఉండే బలం ఇంకెవరి సంతకంతోనూ రాదు. మీ ఇంట్లోనూ అలా ఒప్పుకునే మనిషి ఒక్కరున్నా ముందు వాళ్లనే అడగండి. సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో అమ్మ కళ్లజోడు తుడుచుకుని, వీలునామా మొదటినుంచీ చివరిదాకా చదివింది. తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసి, "ఈ పిల్ల పేరులో ఒత్తు తప్పు పడింది, దిద్దించండి" అంది.