గృహరుణ దరఖాస్తుకు ముందు: ఉద్యోగ చరిత్ర విషయంలో జాగ్రత్తలు

విజయవాడలోగాని గుంటూరులోగాని ఫ్లాటుకు అడ్వాన్సు చెల్లించే ముందే మీ ఉద్యోగ చరిత్రను కాగితాల మీద సరిచూసుకోండి. జీతంపై ఆధారపడేవారికి చాలా బ్యాంకులు మొత్తంమీద సుమారు 2 ఏళ్ల అనుభవాన్ని ఆశిస్తాయి. ఈ నియమం బ్యాంకును బట్టి మారుతుంది కనుక ముందుగా శాఖలో అడిగి తెలుసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది తేదీల పొంతన. రిలీవింగ్ లెటరులో (ఉద్యోగం మానేటప్పుడు సంస్థ ఇచ్చే పత్రం) ఒక తేదీ, పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో (భవిష్య నిధి ఖాతాలోని మీ ఉద్యోగాల వివరాలు) మరో తేదీ ఉన్నా, పాత సంస్థ మీరు మానేసిన తేదీని అసలు నమోదు చేయకపోయినా, పరిశీలన అక్కడే నిలిచిపోవచ్చు. దిద్దుబాటుకు వారాలు పట్టవచ్చు గనుక ఈ పనినే మొదట పెట్టుకోండి.

ఉద్యోగాల మధ్య ఖాళీ ఉంటే దాచకుండా, ప్రసవమో చదువో అనారోగ్యమో కారణం రాసి, ఆధారం జతచేయండి. ఖాళీ కన్నా దానిని దాచిన తీరే అధికారికి ఎక్కువ అనుమానం కలిగిస్తుంది.

ఆటోనగర్ వర్క్‌షాపుల్లోనో మిర్చి యార్డు దగ్గరి కొట్లలోనో జీతాన్ని నగదుగా అందుకునేవారి కష్టం నిజమైనదే అయినా, అది బ్యాంకుకు కనిపించదు. కనీసం ఏడాది ముందు నుంచైనా జీతం ఖాతాలో పడేలా యజమానిని కోరండి, ఆదాయపు పన్ను రిటర్నులు గడువులోగా దాఖలు చేయండి.

సాధారణంగా 3 నెలల జీతం స్లిప్పులు, 6 నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఫారం 16 (జీతం, అందులో కోసిన పన్ను చూపుతూ యజమాని ఇచ్చే పత్రం) అడుగుతారు.

దరఖాస్తు పరిశీలనలో ఉండగా ఉద్యోగం మారవద్దు. మారక తప్పకపోతే బ్యాంకుకు వెంటనే తెలపండి. దళారి తయారుచేసి ఇస్తానన్న జీతం స్లిప్పును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తీసుకోవద్దు, ఎందుకంటే ఫోర్జరీ కేసు దరఖాస్తుపై సంతకం చేసిన మీ మీదికే వస్తుంది.